ఆర్‌ఎక్స్ 100 పనికి చిన్న రోటరీ టూల్ కొనాలా, నా దగ్గరున్న గ్రైండర్‌తో నడుస్తదా?

నల్గొండ_ఆర్‌ఎక్స్

అన్నలందరికీ నమస్తే. మా నాన్న 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఎనిమిదేళ్లుగా ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలబడి ఉంది. ఆయన ఇప్పటికీ పొద్దున లేవగానే దాని సీటు తుడిచే టీ తాగుతాడు. దసరా రోజు ఆయనే కిక్ కొట్టాలని నా కోరిక, పోయిన నెల పని మొదలుపెట్టాను.

క్లచ్ కవర్ దగ్గరే ఆగిపోయాను. స్టార్ స్క్రూలలో మూడింటి తలలు పూర్తిగా అరిగిపోయాయి, స్క్రూడ్రైవర్ పెడితే జారి గిర్రున తిరుగుతోంది తప్ప స్క్రూ కదలడం లేదు. దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని అడిగితే ఉలి పెట్టి కొడితే వస్తదన్నాడు, కానీ కవర్ అల్యూమినియం, ఒక్క దెబ్బ పక్కకు పోయి పగిలిందంటే మంచి పాత కవర్ మళ్లీ ఎక్కడ వెతకాలి? ఇది కాక ఎగ్జాస్ట్ పోర్టులో (సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే రంధ్రం) కార్బన్ గడ్డకట్టింది, స్వింగ్ ఆర్మ్ మూలల్లో తుప్పు ఉంది, పాత చైన్ కోయాలి.

నా దగ్గర 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ ఉంది. ఫ్రెండ్ ఒకడు డ్రెమెల్ లాంటి చిన్న రోటరీ టూల్ (చేత్తో పట్టుకుని చిన్న డిస్కులు, బ్రష్‌లు తిప్పేది) కొనమంటున్నాడు. ఆన్‌లైన్‌లో 1500కి వంద ముక్కల కిట్ కనిపిస్తోంది, మంచి కంపెనీవైతే దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. నిజంగా పనికొస్తుందా, కొన్నాక మూలకు పడుతుందా? వాడినవాళ్లు చెప్పండి.

పాలమూరు_లేత్

తమ్మీ, టూల్ సంగతి తర్వాత, ముందు ఆ స్క్రూల గురించి. అవి మనం మామూలుగా వాడే ఫిలిప్స్ కాదు. జపాన్ బండ్ల స్టార్ స్క్రూలు జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం కొలతలో ఉంటాయి, చూడటానికి రెండూ ఒకటే కానీ ఫిలిప్స్ డ్రైవర్ అందులో అడుగుదాకా కూర్చోదు, గట్టిగా తిప్పగానే పైకి లేచి తలను తినేస్తుంది. సగం బండ్ల స్క్రూలు అట్లనే పాడవుతాయి. మిగిలిన స్క్రూలైనా కాపాడుకో, జేఐఎస్ బిట్టు, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ తెచ్చుకో. ముందు రోజు రాత్రి డబ్ల్యూడీ-40 కొట్టి వదిలెయ్.

పాడైన మూడింటికి మాత్రం చిన్న టూలే సరైనది. 24 ఎంఎం కటింగ్ డిస్కు పెట్టి తల మీద అడ్డంగా గాడి కోసి, అందులో ఫ్లాట్ బిట్టు పెట్టి ఇంపాక్ట్ డ్రైవర్‌తో కొట్టాలి. పల్చటి డిస్కు మందం 0.6 ఎంఎం ఉంటుంది, ఫ్లాట్ బిట్టు అంతకంటే మందం, కాబట్టి ఒక్క కోతతో సరిపోదు. పక్కన రెండో కోత పెట్టి గాడిని వెడల్పు చెయ్యి, బిట్టు బిగుతుగా దూరాలి. వదులుగా దూరితే గాడి అంచులు కూడా విరిగిపోయి మొదటికొస్తావు. డిస్కు కవర్‌కు తగులుతుందనిపిస్తే అక్కడే ఆపెయ్.

గాడితో కూడా రాకపోతే తల మధ్యలో పంచ్ కొట్టి ముందు 3 ఎంఎం, తర్వాత 6.5 ఎంఎం డ్రిల్లు వెయ్. స్క్రూ ఎం6 కాబట్టి తల ఊడి చేతికొస్తుంది. కవర్ తీసేశాక మిగిలిన కాడ బయటికి కనిపిస్తుంది, బిగింపు పోయింది కాబట్టి చాలాసార్లు వైస్ గ్రిప్‌తో (లాక్ పడే పట్టకారు) పట్టి తిప్పితే వచ్చేస్తుంది.

ఇంకో మాట. ఆర్‌పీఎం చూసి బలం ఉందనుకోవద్దు. 24 ఎంఎం డిస్కు నిమిషానికి 30,000 తిరిగినా దాని అంచు వేగం సెకనుకు 38 మీటర్లు, నీ 4 అంగుళాల గ్రైండర్ 11,000 దగ్గరే 57 దాటుతుంది. యాంగిల్ ముక్క, పైపు కోయడం గ్రైండర్ పని. వేలు కూడా దూరని సందులో గోరంత ఇనుము తీసెయ్యడం దీని పని.

మిర్యాలగూడ_గ్యారేజ్

నేను ఆ 1500 కిట్టే కొన్నాను, రెండేళ్ల కింద. మోటార్ ఇప్పటికీ తిరుగుతోంది, దాన్ని తప్పు పట్టను. కానీ అందులో వచ్చిన డిస్కులు మాత్రం నమ్మొద్దు. ఫుట్‌రెస్ట్ బోల్ట్ కోస్తుంటే చెయ్యి కొంచెం వంకర అయింది, డిస్కు ముక్కలైపోయి ఒక పెంకు చెంప మీద గీసుకుంటూ పోయింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి కన్ను ఉంది. ఆ రాత్రి మా ఆవిడ గీత మీద పసుపు రాస్తూ ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ భయమేసింది. అప్పట్నుంచి ఫైబర్ వేసిన డిస్కులే వాడుతున్నా, విడిగా కొంటే ఖర్చు ఎక్కువే కానీ అవి అట్ల పగలవు. డిస్కు తిరిగే గీతలో ముఖం పెట్టకుండా పక్కకు నిలబడండి.

వైర్ బ్రష్‌కు స్పీడ్ తగ్గించాలి, 15,000 దాటనివ్వొద్దు. దాటితే తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, నా చొక్కాలో నుంచి పీకినవి లెక్కలేదు. స్వింగ్ ఆర్మ్ మూలలకు, స్పోక్ నిపుల్స్ చుట్టూ తుప్పుకు ఆ చిన్న బ్రష్‌ను మించింది లేదు, పెద్ద గ్రైండర్ అక్కడ దూరదు.

పెట్రోల్ ట్యాంకు, కార్బొరేటర్ తీసి దూరంగా పెట్టాకే టూల్ ఆన్ చెయ్యండి. ఇనుము కోస్తే వచ్చే నిప్పురవ్వలే కాదు, ఈ మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, లోపల కూడా మెరుపు వస్తూనే ఉంటుంది. గాలి రంధ్రాల్లోంచి చీకట్లో చూస్తే నీలంగా కనిపిస్తుంది.

చైన్‌కు మొత్తం కోయక్కర్లేదు. కొసన లాక్ ఉంటే సరే, లేకపోతే ఒక లింకు రివెట్ తలల్ని గ్రైండింగ్ స్టోన్‌తో చదును చేసి పిన్ను బయటికి కొట్టెయ్యి.

వనపర్తి_బంగారంపని

నేను బండ్లవాణ్ణి కాదు, ఆర్‌ఎక్స్ అంటే ప్రాణం కాబట్టి రాస్తున్నా. మీరు కొత్తగా కొంటున్న ఈ టూల్ మా బల్ల మీద ఎప్పట్నుంచో ఉంది, పైన కొక్కేనికి మోటార్ వేలాడుతుంది, కిందికి తీగలాంటి షాఫ్ట్, చేతిలో సన్నటి పిడి, కాలి కింద స్పీడ్ పెడల్. మీరు కూడా ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ తీసుకోండి. బరువంతా మోటార్‌దే, అది పైన ఉంటే పిడిని పెన్ను పట్టినట్టు పట్టొచ్చు, చెయ్యి వణకదు.

కొత్తవాళ్లు చేసే తప్పు నొక్కడం. దీనికి బలం లేదు, ఉన్నది వేగమే. నొక్కితే మోటార్ గొంతు బొంగురుపోతుంది, అది వినగానే చెయ్యి తేలిక చెయ్యాలి. మా నాయన నాకు పని నేర్పేటప్పుడు మొదటి వారం ముక్క వైపు చూడనివ్వలేదు, చప్పుడు విను అన్నాడు.

అల్యూమినియం మీద బర్ (పళ్లున్న చిన్న కోత బిట్టు) పెడితే దాని పళ్లలో లోహం నిండిపోయి ఇక కోయదు, వేడెక్కి లోహాన్ని పూసినట్టు రుద్దుతుంది. మేము తేనెమైనం ముక్కకు బర్‌ను ఒకసారి తాకించి పని చేస్తాం, మీకు కొవ్వొత్తి చాలు. నాలుగు సెకన్లు పని, మళ్లీ మైనం. అల్యూమినియానికి పళ్లు దూరంగా ఉన్న బర్ కొనండి. 2.4 ఎంఎం కోలెట్ (బిట్టు కాడను పట్టి ఉంచే బిగింపు) కూడా తీసుకుంటే పళ్ల సెట్లు చేసే ల్యాబుల్లో వాడే 2.35 ఎంఎం కాడ బర్‌లు అందులో పడతాయి, అవి డెంటల్ సామాను షాపుల్లో దొరుకుతాయి, కిట్టులో వచ్చేవాటికంటే చాలా కాలం నిలుస్తాయి.

నల్గొండ_ఆర్‌ఎక్స్

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు అన్నా, థాంక్స్. ఇంకొకటి అడగాలి. హెడ్ తీసి చూస్తే బోర్‌లో (సిలిండర్ లోపలి గోడ) పైనుంచి కిందికి గీతలున్నాయి, రీబోర్ చేసి దాన్ని కొంచెం పెద్దగా కోయించక తప్పదు. సిలిండర్ ఎట్లాగూ బయటికొస్తుంది కాబట్టి పోర్టులు కొంచెం పెద్దవి చేస్తే పికప్ పెరుగుతుందని అందరూ అంటున్నారు, నేనే చేసుకోవచ్చా?

పాలమూరు_లేత్

వద్దు. టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ పోర్ట్ పై అంచే టైమింగ్. దాన్ని 1 ఎంఎం పైకి లేపినా పోర్ట్ ముందే తెరుచుకుంటుంది, కింది స్పీడ్‌లో లాగుడు తగ్గుతుంది. మీ నాన్న ఊళ్లో మెల్లగా నడిపే బండికి అది అక్కర్లేదు. తీసేసిన లోహాన్ని మళ్లీ అంటించలేవు.

పోర్టుల దగ్గర ఈ టూల్‌కు ఉన్న అసలు పని వేరే ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. రీబోర్ చేశాక పోర్టుల అంచులు బ్లేడులా ఉంటాయి. పిస్టన్ రింగ్ పోర్ట్ మీదుగా పోయేటప్పుడు కొంచెం బయటికి ఉబికి ఆ అంచుకు తగులుతుంది, అట్లనే వదిలేస్తే రింగ్ ఇరిగి కొత్త బోర్ మళ్లీ గీతలు పడుతుంది. కాబట్టి బోర్ కొట్టాక, హోనింగ్‌కు (బోర్ గోడను చివరగా రాళ్లతో రుద్దే పని) ముందు, నున్నటి చిన్న స్టోన్‌తో తక్కువ స్పీడ్‌లో ప్రతి పోర్ట్ అంచు చుట్టూ అర ఎంఎం ఏటవాలు తియ్యాలి, పైనా కిందా మరీ జాగ్రత్తగా. తర్వాత వేలు పెట్టి చూడు, ఎక్కడా గోరుకు పట్టకూడదు. ఇది అయిందో లేదో బోర్ కొట్టే ఆయన్ని అడుగు, చెయ్యనంటే నువ్వు చేసి హోనింగ్‌కు ఇవ్వు. చివర సబ్బు నీళ్లతో సిలిండర్ కడుగు, తెల్ల గుడ్డతో తుడిస్తే మరక రాకూడదు.

ఎగ్జాస్ట్ కార్బన్‌కు టూల్ వద్దు, కొయ్య ముక్క చెక్కి గీకు. గ్యాస్కెట్ గీకడానికి కూడా అబ్రేసివ్ డిస్కు పెట్టకు, ఆ పొడి క్రాంక్ బేరింగ్‌లోకి పోతే ఇంజిన్ మళ్లీ విప్పాలి.

మెడ దగ్గర తుప్పు తీసేటప్పుడు ఛాసిస్ నంబర్ మీదికి టూల్ పోనివ్వకు. 15 ఏళ్లు దాటిన బండి ఆర్‌సీ రెన్యూవల్‌కు ఆర్టీఏలో ఆ నంబర్ చూస్తారు, ఒక్క అంకె అరిగినా ఏం చెప్పినా వినరు.

నల్గొండ_ఆర్‌ఎక్స్

అన్నలూ, అప్‌డేట్. సికింద్రాబాద్ రాణిగంజ్ పోయి స్పీడ్ కంట్రోల్ ఉన్న మంచి టూల్, ఫ్లెక్సిబుల్ షాఫ్ట్, ఫైబర్ డిస్కులు, జేఐఎస్ బిట్టు తెచ్చాను. మూడు స్క్రూలలో రెండు గాడికే వచ్చాయి. మొదటిదానికి ఒక్క కోతే పెట్టాను, బిట్టు జారింది, లేత్ అన్న మాట గుర్తొచ్చి రెండో కోత పెట్టి కొట్టగానే టక్కుమని కదిలింది. మూడోది డ్రిల్లు వేస్తే తల ఊడింది, కాడ వైస్ గ్రిప్‌కు సగం చుట్టు తిరిగి తర్వాత చేత్తోనే వచ్చేసింది. కవర్‌కు గీత కూడా పడలేదు. నాన్న పక్కన స్టూలేసుకుని కూర్చుని టార్చ్ పట్టాడు, ఆ మూడు పాత స్క్రూలు పారెయ్యనివ్వలేదు, డబ్బాలో వేసి పెట్టుకున్నాడు. సిలిండర్ సోమవారం బోరింగ్‌కు పోతోంది, హోనింగ్ కంటే ముందు నా చేతికి ఇమ్మని చెప్పి వచ్చాను.