జిన్ బేసిల్ స్మాష్‌లో జిన్‌కి పనుందా, అంతా ఆకు మహిమేనా?

నిమ్మచెక్క:
బార్లు తిరుగుతూ రుచులు చూపించే టూర్‌కి వెళ్లాను, జిన్ అంటే టానిక్ తప్ప ఇంకేం తెలియని మనిషిని. ఒకచోట లేత పచ్చ రంగులో, పైన సన్నటి నురగతో, ఒకే ఒక్క ఆకు తేలుతున్న గ్లాసు ఇచ్చారు. జిన్ బేసిల్ స్మాష్ అట, ఆ ఆకే బేసిల్, మన తులసి జాతిది. ముక్కు దగ్గరికి తేగానే ఆకు వాసన, తర్వాత నిమ్మ పులుపు, మింగాక గొంతులో ఘాటుగా ఏదో చల్లదనం. ప్రాణం లేచొచ్చింది! మాతో వచ్చినాయన మాత్రం "ఇందులో జిన్ ఎక్కడుంది, వోడ్కా పోసినా ఇంతే" అన్నాడు. నాకైతే అలా అనిపించలేదు. మీరేమంటారు?

పాతసీసా:
ఆయన చెప్పిందే కరెక్ట్. గుప్పెడు ఆకు దంచి, నిమ్మరసం, షుగర్ సిరప్ పోశాక కింద ఏ సీసా ఉందో కళ్లు మూసుకుని చెప్పమనండి చూద్దాం. పైగా టూర్‌లో అప్పటికే రెండు మూడు తీపి డ్రింకులు తాగి ఉంటారు, ఆ తర్వాత పుల్లగా ఏది ఇచ్చినా ప్రాణం లేచొస్తుంది.

బార్‌వెనక:
టూర్ గురించి అన్నది ఒప్పుకుంటా, మిగతాది కాదు. ఈ డ్రింక్ 2008లో హాంబర్గ్‌లోని లె లియోన్ బార్‌లో యోర్గ్ మేయర్ చేసింది, మొదట్లో పేరు జిన్ పెస్టో. విస్కీ స్మాష్‌లో ఉండే విస్కీ, పుదీనా తీసేసి జిన్, బేసిల్ పెట్టాడు. అదేదో గాలివాటంగా కుదిరిన జోడీ కాదన్నా. జిన్‌లో జునిపర్ (జిన్‌కి అసలు రుచి ఇచ్చే కాయ) తర్వాత ఎక్కువగా వాడేది ధనియాలు, వాటి నూనెలో ఎక్కువ భాగం లినలూల్ అనే సువాసన పదార్థం. బేసిల్ వాసనలోనూ అదే ఉంటుంది. అంటే ఆకు జిన్‌ని కప్పేయదు, అందులో ఉన్నదాన్నే పైకి లాగుతుంది. వోడ్కాకి ఆ సాయం లేదు, అందుకే అది ఆకు వేసిన నిమ్మరసంలా ఉండిపోతుంది.

పాతసీసా:
కెమిస్ట్రీ బాగానే ఉంది బ్రో. జునిపర్ రుచే పైచేయిగా ఉండాలి, ఆల్కహాల్ 37.5 శాతానికి తగ్గకూడదు అని యూరప్ రూల్ పెట్టింది సీసాలో ఉన్నదానికి, గ్లాసులో ఉన్నదానికి కాదు. ఐస్ కరిగాక ఏం మిగులుతుంది?

బార్‌వెనక:
కొలత సరిగ్గా ఉంటే చాలానే మిగులుతుంది. 60 మి.లీ. జిన్‌కి 30 నిమ్మరసం, 20 సిరప్. గట్టిగా షేక్ చేసి, సన్న జల్లెడలో కూడా వడకట్టి, ఐస్ మీద పోయాలి. మీరు తాగిన చోట రసం ఎక్కువ పోసుంటారు, లేదా ఆకుని పిప్పి చేసుంటారు. రెండోది ఇంకా ఘోరం.

పచ్చాకు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, అసలు గొడవ అక్కడే ఉందండి. ఆకు నలిగితే ఎంజైమ్‌లు బయటికొచ్చి గాలి తగలగానే రంగు నల్లబడుతుంది, గడ్డి వాసన మొదలవుతుంది. ఆ వాసనే జిన్‌ని మింగేస్తుంది. నేనైతే ఆకుని ముందు ఒట్టి జిన్‌లోనే నలుపుతాను. 40 శాతం దాటిన ఆల్కహాల్ ఆ ఎంజైమ్‌లని పనిచేయనివ్వదు, నిమ్మరసం ఆ తర్వాతే. పులుపుకి కూడా ఆకుపచ్చ కాసేపట్లో మాసిపోతుంది కాబట్టి చేసిన వెంటనే తాగేయాలి. ఫొటోలు తర్వాత.

నిమ్మచెక్క:
అయితే నాకిచ్చినవాళ్లు పద్ధతిగానే చేసినట్టున్నారు, చివరి గుక్క దాకా పచ్చగానే ఉంది. ఆకు తీసి పక్కన పెట్టాక కూడా ఆ ఘాటు తగిలింది, అది జునిపరే అనుకుంటున్నా.

పాతసీసా:
అనుకోవడం కాదండీ. ఒకటి జిన్‌తో, ఒకటి వోడ్కాతో ఇంట్లో చేసి, ఏది ఏదో చెప్పకుండా ఇంకొకరి చేత అందించుకోండి. అంతకుముందు నీళ్లు తప్ప ఏమీ తాగకూడదు. నేనూ చేస్తా. జునిపర్ దంచి కొట్టే జిన్ కాకుండా మామూలుదే తీసుకోండి, లేకపోతే పందెం చెల్లదు.

బార్‌వెనక:
ఇప్పుడు జిన్ మీద కూడా షరతులా!