యూకేజీలోనే స్పెల్లింగ్ రూల్స్ చెప్పాలా?

సిరి వాళ్ల అమ్మ, ఖమ్మం:
మా పాప యూకేజీ. నిన్న డిక్టేషన్‌లో 'కైట్' చెబితే మొదటి అక్షరం 'సీ' రాసింది. తప్పంటే "క్యాట్‌కి సీ కదమ్మా, కైట్‌కి కే ఎందుకు?" అని ఒకటే ఏడుపు. నోట్‌బుక్‌లో స్కూల్లో రాయించిన రూలు ఉంది: 'క్' శబ్దం తర్వాత 'ఈ', 'ఐ', 'వై' ఉంటే కే రాయాలి, 'ఏ', 'ఓ', 'యూ' ఉంటే సీ రాయాలి. దాన్ని పద్యంలా అప్పజెబుతుంది, రాసేటప్పుడు గుర్తు రాదు. ఐదేళ్ల పిల్లకి ఇవన్నీ అవసరమా? చూడగా చూడగా పదాలు అవే వస్తాయి కదా?

ఒకటో తరగతి టీచర్:
అందరికీ రావండీ. కొందరు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేస్తారు. అలాగని రూలుతో మొదలుపెట్టడం నేనూ ఒప్పుకోను. ముందు శబ్దం పట్టుబడాలి. మన దగ్గర చిక్కంతా అక్కడే. పీని 'ప' అని, ఎన్‌ని 'న' అని నేర్పేస్తాం. మా క్లాసులో ఒక బాబు 'పిన్' మీద వేలు పెట్టి "ప, ఇ, న" అన్నాడు. కలపమంటే "పఇన" అన్నాడు. వాడి తప్పేముంది, మేం నేర్పిందే చదివాడు. బోర్డు మీద తెలుగులో ప్, న్ రాసి పొల్లు చూపించాను. "ప్... ఇ... న్" అని మెల్లగా అని, మళ్లీ గబగబా అని, "పిన్!" అని అరిచాడు. పొల్లు మన పిల్లలకి ఎంత పెద్ద ఆసరానో మనమే గమనించడం లేదు.

రిటైర్డ్ మాస్టారు:
పొల్లు సంగతి బాగుందమ్మా. రూల్స్ మీదే నాకు నమ్మకం లేదు. జీ తర్వాత 'ఈ', 'ఐ' వస్తే 'జ్' అంటారు. జెమ్, జెయింట్ సరే, మరి గెట్, గిఫ్ట్, గర్ల్? మిస్, డ్రెస్ లాంటి చిన్న పదాల చివర రెండు ఎస్‌లు రాయాలంటారు. మా మనవడు అది నమ్మి 'బస్'కీ రెండు పెట్టాడు. మనం ఇంట్లో అనేదీ 'బస్సు' అనే కదా. మార్కు పోయింది. బట్టీ పట్టి నేర్చుకున్న మా తరానికి ఏం లోటొచ్చింది?

ఇంగ్లండ్ నుంచి ఒక నాన్న:
మాస్టారూ, మా బాబు 'హౌస్' చూసి 'హార్స్' అనేవాడు. పదం ఆకారం గుర్తుపెట్టుకుంటే వచ్చే తిప్పలివి. ఇక్కడ 2012 నుంచి ఇయర్ వన్ పిల్లలకి ఫోనిక్స్ చెక్ ఉంది, అంటే అక్షరాల శబ్దాలు కలుపుకుని చదవగలరా అని చూసే చిన్న పరీక్ష. 40 పదాల్లో 20 అసలు అర్థమే లేనివి. బట్టీ పట్టడం కుదరదు, శబ్దాలు కలుపుకుని చదవాల్సిందే. రూలు పేరెత్తకుండానే, 'సీకే' రెండూ కలిసి ఒకే శబ్దమని 'డక్' చూపించి చెప్పేశారు.

ఒకటో తరగతి టీచర్:
మాస్టారూ, అన్ని రూల్స్‌నీ ఒకే గాటన కట్టకండి. జీ రూలు బలహీనమైనదే. అందుకే ముందు 'గ్' ఒక్కటే నేర్పి, 'జ్' తర్వాతెప్పుడో చూపిస్తాను. సీ అలా కాదు, తర్వాత 'ఈ', 'ఐ', 'వై' వస్తే 'స్' అనే పలుకుతుంది. సిటీ, సెంట్, సైకిల్... దాదాపు ఎక్కడా మాట తప్పదు. అదైనా నేను చెప్పను. చీటీలు పరుస్తాను. చివర 'సీకే' ఉన్న డక్, సాక్, కిక్ ఒక వైపు, కే ఒక్కటే ఉన్న మిల్క్, పార్క్, బుక్ ఇంకో వైపు. మొన్న ఒక పాప చాలాసేపు చూసి "ఇటు కే ముందు ఎల్ ఉంది, ఆర్ ఉంది, బుక్‌లో రెండు ఓలు ఉన్నాయి, అటు ఒక్కటే అచ్చు" అంది. అలా తను పట్టుకున్నది ఇంక మర్చిపోదు.

సిరి వాళ్ల అమ్మ, ఖమ్మం:
సాయంత్రం మేమూ చీటీలు రాశాం. కైట్, కింగ్, కీ ఒక కుప్ప. క్యాట్, కప్, కాట్ ఒక కుప్ప. కాసేపటికి "కే పక్కన ఐ, ఈ ఉన్నాయమ్మా" అంది. తన నోట్‌బుక్‌లో ఉన్నదీ అదేనని తట్టలేదు. ఆ తర్వాత గోడ మీది చార్ట్ చూసి 'కంగారూ' రాయించుకుంది. కే పక్కన 'ఏ' ఉంది. ఆ చీటీ పట్టుకునే కూర్చుంది, ఏ కుప్పలో వేయమనాలో చెప్పండి టీచర్ గారూ.