ఒక్క బండితో గస్తీ: బీటంతా తిరగాలా, కొన్నిచోట్లే ఆగాలా?

బీట్ నంబర్ 7:
మా పోలీసు బీటులో, అంటే గస్తీ ప్రాంతంలో, 40 వీధులు. సాయంత్రం 6 నుంచి తెల్లవారుజాము 5 దాకా ఒక బ్లూ కోల్ట్స్ బండి (పోలీసు గస్తీ మోటార్‌సైకిల్), ఇద్దరు మనుషులు. ప్రతి వీధీ చుట్టి, అక్కడక్కడా వేలాడదీసిన 12 పాయింట్ బుక్కుల్లో వచ్చినట్టు సంతకాలు పెట్టడం ఇప్పటి పద్ధతి. సాయంత్రం గొలుసు దొంగతనాలూ తగ్గట్లేదు, తాళం వేసిన ఇళ్లలో చోరీలూ తగ్గట్లేదు. రౌండ్లు పెంచాలా?

గస్తీరాయుడు:
పెంచినా లాభం లేదండీ. 1972-73లో అమెరికాలోని కాన్సస్ సిటీలో 15 బీట్లను మూడు గుంపులు చేసి చూశారు. కొన్నిట్లో మామూలు గస్తీ, కొన్నిట్లో రెండు మూడు రెట్లు, మిగతావాటిలో ఫోన్ వస్తే తప్ప బండి పోదు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని గస్తీ దండగ అనకండి, పల్చగా పరిస్తే దండగ. 40 వీధులకు ఒక బండి అంటే సముద్రంలో కాకిరెట్ట.

అమెరికాలోనే మినియాపొలిస్‌లో చూస్తే, పోలీసులకొచ్చే ఫోన్లలో సగం 3 శాతం చిరునామాల నుంచే. అక్కడి గస్తీ లెక్కలు చూసి 1995లో క్రిస్టఫర్ కోపర్ అనే పరిశోధకుడు చెప్పిందేమంటే, ఒకచోట కనీసం 10 నిమిషాలు ఆగాలి, 15 దాటితే అదనపు ఫలితం తగ్గిపోతుంది. గొలుసు దొంగతనాలకు నాలుగైదు చోట్లు ఎంచి, వరుస మారుస్తూ, 12 నుంచి 15 నిమిషాలు బండి దిగి నడవండి. సీటు మీద కూర్చుని ఫోన్ చూసుకున్న నిమిషాలు లెక్కలోకి రావు.

పాత పాయింట్ బుక్:
ఇళ్ల చోరీలకు ఇదొక్కటే చాలదు. ఎఫ్‌ఐఆర్‌లో 'శుక్రవారం సాయంత్రం 6 నుంచి ఆదివారం ఉదయం 8 మధ్య' అని ఉంటుంది. ఇంటివాళ్లు ఊరి నుంచి వచ్చి చూసిన టైమునే పట్టుకుంటే దొంగలంతా పొద్దున్నే వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ 38 గంటల్లో ఒక్కో గంటకు ఆ కేసులో 38వ వంతు వేసి, పాతిక ముప్పై కేసులు కలపండి, అసలు గంటలు కాస్త తేలతాయి. 'ఆంజనేయస్వామి గుడి దగ్గర' అని రాసిన చిరునామాలకు ముందు ఇంటి నంబరు రాబట్టాలి.

చోరీ జరిగిన ఇంటికి 200 మీటర్ల లోపు ఇళ్లకు ఆ తర్వాత రెండు వారాలు ముప్పు ఎక్కువ. బండి మర్నాడే అక్కడికి మళ్లాలి, నెలాఖరు మీటింగ్ అయ్యాక కాదు.

మరో మాట. సాయంత్రం కూడళ్లలో బండి లైటు వెలగనివ్వండి, అక్కడ కనబడటమే పని. తాళాలేసిన ఇళ్ల సందుల్లో ఇంజన్ ఆపి నడవండి. పాయింట్ బుక్కులు సాధారణంగా గుడి, ఏటీఎం దగ్గర వేలాడతాయి, చోరీలు జరిగే వెనక సందుల్లో కాదు. పైగా రోజూ ఒకే వరుసలో పోతే, బండి దాటాక ఎంతసేపు ఖాళీయో టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడికీ తెలుస్తుంది. బుక్కుల చోటు మార్చండి, టైము మార్చండి.

బీట్ నంబర్ 7:
మరి దొంగలు పక్క బీటుకు పోరా?

గస్తీరాయుడు:
కొంత పోవచ్చు. అమెరికాలోని జెర్సీ సిటీలో ఇలా ఎంచిన చోట్ల మీదే దృష్టి పెట్టి చూస్తే చుట్టుపక్కల కూడా నేరాలు తగ్గాయి. 2009లో ఫిలడెల్ఫియాలో 60 చోట్ల కాలినడక గస్తీ పెడితే 12 వారాల్లో హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి, కొంత పక్కకు జరిగింది కూడా. గస్తీ ఎత్తేశాక ఆ తగ్గుదల నిలవలేదు. అందుకే ఎంచిన చోట్లను మూడు నెలలకోసారి కొత్త కేసులతో సరిచూసుకోండి, పక్క బీటు లెక్క కూడా అదే కాగితం మీద రాయించండి.