ఫిజిక్స్ మూడో కోర్సును వేరే కమ్యూనిటీ కాలేజీలో చదివితే బదిలీకి చెల్లుతుందా?

కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో (మొదటి రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే వీలున్న కాలేజీ) రెండో సంవత్సరం చదువుతున్న నేను, వచ్చే ఫాల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ కోసం యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీ కావాలనుకుంటున్నాను. కాల్క్యులస్ మూడు కోర్సులు, లీనియర్ ఆల్జీబ్రా, మెకానిక్స్ పూర్తయ్యాయి. ఎలక్ట్రిసిటీ అండ్ మాగ్నెటిజం ఈ సెమిస్టర్‌లో నడుస్తోంది.

చిక్కల్లా మూడో ఫిజిక్స్ కోర్సుతోనే వచ్చింది. స్ప్రింగ్‌లో దానికి మా కాలేజీ ఒకే సెక్షన్ ఇచ్చింది. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం 1 నుంచి 4 వరకు ఉండే ఆ తరగతి, అదే సమయంలో ఉన్న డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కు అడ్డుపడుతోంది. రెండూ స్ప్రింగ్ ముగిసేలోగా పూర్తి కావాలి కనుక సమ్మర్‌కు వాయిదా వేయడం కుదరదు.

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఆన్‌లైన్ సెక్షన్‌లో సీట్లు నిండి, వెయిట్‌లిస్ట్ కూడా మూసేశారు. పక్క జిల్లా కాలేజీలో సాయంత్రం పూట సమానమైన ఫిజిక్స్ కోర్సు ఉంది గానీ, అసిస్ట్ వెబ్‌సైట్‌లోని (కమ్యూనిటీ కాలేజీ కోర్సుల్లో ఏది యూనివర్సిటీలో దేనికి సమానమో చూపే సైట్) ఒప్పందాల్లో రెండు కాలేజీలకూ మూడు కోర్సులను కలిపి ఒకే వరుసగా చూపుతున్నారు. అందుకే మూడూ ఒకే కాలేజీలో చదవాలేమోనని నా సందేహం. మా కౌన్సెలర్ యూనివర్సిటీని అడగమన్నారు. అడ్మిషన్స్ కార్యాలయం మళ్లీ అసిస్ట్‌నే చూడమంది, అది నేను కంఠతా పట్టేంతగా చూసిందే.

ఇలా ఫిజిక్స్ వరుసను రెండు కాలేజీల మధ్య విడగొట్టి చదివిన వారెవరికైనా యూనివర్సిటీ ఇంజనీరింగ్ విభాగం దాన్ని అంగీకరించిందా?