సూక్ష్మజీవుల కరెంటు మన ఎస్‌టీపీ మెంబ్రేన్‌ను కాపాడుతుందా?

నీటిబొట్టు:
హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీని (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఎంబీఆర్‌కు, అంటే బ్యాక్టీరియా శుద్ధి చేసిన నీటిని సన్న రంధ్రాల మెంబ్రేన్‌తో వడకట్టే పద్ధతికి మార్చాలని కమిటీ అనుకుంటోంది. మురుగులోని బ్యాక్టీరియాతో కరెంటు తీసే ఫ్యూయల్ సెల్ కూడా జతచేస్తే బిల్లు తగ్గుతుందని ఒకాయన పట్టుబడుతున్నారు. కిలో సీఓడీలో (మురుగులోని సేంద్రియ మలినాన్ని ఆక్సిజన్ లెక్కలో చెప్పే కొలత) దాదాపు 3.86 యూనిట్ల శక్తి ఉంటుంది. కిలోలీటరు మురుగులో అరకిలో సీఓడీ ఉందనుకున్నా రెండు యూనిట్లకు దగ్గర. ఎంబీఆర్ తినేది ఒక యూనిట్ అటూ ఇటూ. మిగులే కదా?

బ్లోవర్‌గది:
కాగితం మీద మిగులే, అన్నా. ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని కరెంటు ఇవ్వని మామూలు బ్యాక్టీరియానే తినేస్తుంది. లోడు పెడితే ఒక్కో సెల్‌లో అర వోల్టు నిలబడడమే కష్టం. దాంతో గాలి కొట్టే బ్లోవర్ తిరగదు. మెంబ్రేన్ కింద నుంచి బుడగలు కొడుతూనే ఉండాలి, ఆపితే దాని సన్న గొట్టాల్లాంటి పీచులు పూడుకుపోతాయి. మొన్న వాక్యూమ్ గేజీ ముల్లు ఎర్రగీత దాటితే, అంటే నీళ్లు లాగడం కష్టమైతే, మాడ్యూల్ (మెంబ్రేన్ కట్ట) పైకి లాగాం. బెండకాయ జిగురులా సాగుతోంది, మధ్యలో వెంట్రుకలు జడకట్టి ఉన్నాయి. హైపోలో (క్లోరిన్ బ్లీచు ద్రావణం) నానబెట్టి కడిగేసరికి సాయంత్రమైంది.

ల్యాబ్‌మేట్:
నేను మాట్లాడాలనుకున్నది ఆ జిగురు గురించే. బ్యాక్టీరియా నుంచి కరెంటు వస్తుందని ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ వృక్షశాస్త్రవేత్త పాటర్ 1911లోనే చూపించారు. మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనూ ఏళ్లుగా దీనిమీద పని జరుగుతోంది. అయితే ఆ కరెంటును బయటికి లాగి బిల్లులో కలుపుకోవాలనుకోవడం దగ్గరే పొరపాటు. దాన్ని మెంబ్రేన్ దగ్గరే ఖర్చుపెట్టాలి. స్టీలు జాలీనో కార్బన్ గుడ్డనో మెంబ్రేన్‌గా వాడి దాన్నే క్యాథోడ్ (తీగ గుండా ఎలక్ట్రాన్లు వచ్చి చేరే కొస) చేస్తే, దాని మీద రుణావేశం ఉంటుంది. బ్యాక్టీరియా ఒంటిమీదా రుణావేశమే. రెండూ అంటుకోవు.

అయాన్:
అంత తేలిక కాదండీ. మురుగులో కరిగిన లవణాలు క్యాథోడ్ చుట్టూ చేరి దాని ఆవేశాన్ని కప్పేస్తాయి. కొన్ని నానోమీటర్లు దాటితే ఆ ప్రభావం దాదాపు ఉండదు. మైక్రాన్ సైజు బ్యాక్టీరియాను అంత దూరం నుంచి ఎలా నెడుతుంది?

ల్యాబ్‌మేట్:
నిజమే, దూరం నుంచి నెట్టదు. అంటుకునే ఆ చివరి క్షణంలోనే దాని పని. పైగా క్యాథోడ్ మీద ఆక్సిజన్ కొంత హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది, అది జిగురును కొరుకుతుంది. మీరు బయట నుంచి పోసే హైపో పనిలో కొంత అక్కడికక్కడే జరిగినట్టు. నేను నమ్మేది ఎక్కువగా దీన్నే.

బ్లోవర్‌గది:
సరే, మా నీళ్ల సంగతి వినండి. సగం బోరు నీళ్లే, గీజర్ కాయిల్ తెల్లగా గారపడుతుంది. క్యాథోడ్ దగ్గర పీహెచ్ పెరుగుతుంది కాబట్టి కాల్షియం నేరుగా రంధ్రాల మీదే దిగుతుంది. జిగురు పోయి సున్నం వస్తే నాకేం లాభం? ఇక వెంట్రుకల్ని ఏ కరెంటూ ఆపదు.

ల్యాబ్‌మేట్:
సున్నం మాట కాదనలేను. సిట్రిక్ యాసిడ్‌తో కరుగుతుంది గానీ, ఎన్ని రోజులకోసారి కడగాలో మీ నీళ్లతోనే తేలాలి. నీటిబొట్టు గారూ, కమిటీ డబ్బు ముందు వెంట్రుకల్ని ఆపే ఒక మిల్లీమీటరు రంధ్రాల స్క్రీన్‌కు (జల్లెడ) పెట్టించండి. ఫ్యూయల్ సెల్ మొత్తం ప్లాంటుకు ఇప్పుడే వద్దు. పక్కన చిన్న ట్యాంకులో ఒకే రకం మాడ్యూళ్లు రెండు దించుదాం, ఒకదానికి కరెంటు పారేలా తీగ కలిపి, రెండోదానికి విప్పి. మురుగూ గాలీ రెండింటికీ సమానంగా ఇద్దాం.

బ్లోవర్‌గది:
అలాగైతే నేను సిద్ధం. పొద్దున ఆరింటికోసారి, రాత్రి షిఫ్టు మారేటప్పుడోసారి రెండు గేజీల రీడింగూ రాసిపెడతా.