చెమ్మ పట్టిన బడి గోడ మీద బొమ్మ: గోడకి ఏం చెయ్యాలి, గోడ మీద ఏం వెయ్యాలి?

లంకగట్టు:

నమస్కారమండి. వశిష్ఠ గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక ఊరి బడి ప్రహరీ మీద బొమ్మ వెయ్యాలి. గోడ 32 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు, రోడ్డు వైపు పడమటి ముఖం. పక్కనే పంటబోది. సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ, మీద ఎప్పుడో సిమెంటు పూత పూశారు. కింద రెండడుగుల మేర పెచ్చులు లేచి తెల్లగా ఉప్పు పొంగింది. పైభాగంలో పాత డిస్టెంపరు. కమిటీవాళ్ళు ఎనామిల్ వేయించేస్తే మురికి పట్టినా కడుక్కోవచ్చంటున్నారు. నిజమేనా?

ఇంకో ప్రశ్న, దీనికన్నా పెద్దది. ఏం వెయ్యాలని ఊళ్ళో ఎవర్నడిగినా ఒకటే మాట: కొబ్బరిచెట్లు, పడవ, పొద్దుగూకే సూర్యుడు, చంకలో బిందెతో అమ్మాయి. ఆ బొమ్మ ఇప్పటికే దారి పొడుగునా హోటళ్ళ గోడల మీద ఉంది. ఊరు చూస్తే రొయ్యల చెరువులతో, కొబ్బరికాయల దింపు పనితో, కౌలు సాగుతో, కువైట్ నుంచి వచ్చే డబ్బుతో నడుస్తోంది. కొందరు నాయకుల బొమ్మలు అడుగుతున్నారు. గోడ ఊరందరిదీ అయినప్పుడు చిత్రకారుడి మాట ఎంతవరకు చెల్లాలి?

గచ్చుపని:

ఎనామిల్ వద్దండి. గోడలో చెమ్మ బయటికి పోవడానికి దారి కావాలి. ఎనామిల్ ఆ దారి మూసేస్తుంది, చెమ్మ వెనకనుంచి నెట్టి బుడగలు లేపుతుంది. పైగా సిమెంటులో ఉండే క్షారం ఎనామిల్లోని నూనెతో కలిసి దాన్ని సబ్బుగా మార్చేస్తుంది. రంగు జిగటగా తయారై పొరలుపొరలుగా ఊడొస్తుంది.

మన దగ్గర కాలవలు పారినన్నాళ్ళూ భూమిలో నీరు పైపైనే ఉంటుంది. ఇటుక ఆ నీటిని పీల్చి పైకి లాగుతుంది, కరిగిన ఉప్పు కూడా దాంతోనే ఎక్కుతుంది. గోడ ముఖానికి వచ్చేసరికి నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి పలుకులు కట్టి పూతని లోపల్నుంచి పగలగొడుతుంది. పాత సున్నపు గోడకి సిమెంటు పూశారంటే చెమ్మ అక్కడ ఆరలేక ఇంకా పైకి పాకుతుంది. రెండడుగుల మరక నాలుగడుగులకి పోయేది అందుకే.

ముందు ఒక పరీక్ష చెయ్యండి. పైభాగంలో రెండు మూడు చోట్ల అడుగు చదరం ప్లాస్టిక్ కాగితం పెట్టి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు వదిలెయ్యండి. కాగితం లోపలి వైపు నీటి బొట్లుంటే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే. బయటి వైపు మాత్రమే ఉంటే అది మంచు, భయం లేదు.

పెచ్చులు లేచిన చోటే కాదు, మరక గీతకి మరో అడుగు పైదాకా సిమెంటు పూత చెక్కించెయ్యండి. అంటే మీ గోడకి కింద మూడడుగులు. ఇటుకల మధ్య గుల్లబారిన సున్నాన్ని ముప్పావంగుళం లోతుకి గీకించండి. పొంగిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని చాటలోకి ఎత్తి దూరంగా పారబోయించండి. నీళ్ళు పెట్టి కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

ఈ చెక్కుడు పని వేసవిలో, కాలవలు కట్టేసిన (నీళ్ళు వదలని) రోజుల్లో పెట్టుకుంటే గోడ బాగా ఆరుతుంది. ఆ తర్వాత గుల్లసున్నం (గుల్లలు కాల్చి చేసిన సున్నం) ఒక పాలు, జల్లించిన ఏటి ఇసక మూడు పాళ్ళతో పూత. సముద్రం పోటు తగిలే చోటి ఇసక వాడారంటే ఉప్పుని చేతులారా గోడకి పట్టించినట్టే. రెండు పూతలుగా, ఒక్కోటి అర అంగుళం మించకుండా పూయించి, వారం రోజులు తడిపిన గోనెపట్టాలు కప్పి ఉంచండి. సున్నం పూత త్వరగా ఆరితే నెర్రెలిస్తుంది.

గోడ మొదట్లో పోగుపడిన మట్టి, చెత్త తీయించి నేలని బోది వైపు వాలుగా చెయ్యండి. గోడ తల కూడా చూడండి. ప్రహరీకి పైన కప్పు ఉండదు గనక వాన నీరు అక్కడినుంచే దిగుతుంది. తల మీద రోడ్డు వైపుకి వాలుతో సిమెంటు దిమ్మ, దాని చూరు గోడకి రెండంగుళాలు ముందుకి, చూరు అడుగున నీరు తెగిపడేలా ఒక గాడి. ఈ గాడి లేకపోతే నీరు గోడ వెంటే కారి ఏడాది తిరిగేసరికి బొమ్మ మీద నల్లటి చారలు పడతాయి.

కుంచెకట్ట:

పైన చెప్పిన లెక్కన కింది మూడడుగులూ బొమ్మకి పనికిరావు. వాటికి సున్నంలో జాజు (ఎర్రమట్టి రంగు) కలిపి వెల్ల వేసి, అరుగు పట్టీలా ఉంచెయ్యండి. చెమ్మ హాయిగా ఆరుతుంది, పిల్లలు కాళ్ళు పెట్టినా బొమ్మకి ఏమీ కాదు, ఏటా సంక్రాంతికి బడివాళ్ళే మళ్ళీ వేసుకోవచ్చు. బొమ్మకి మిగిలేది 32×4, అంటే 128 చదరపు అడుగులు.

పాత డిస్టెంపరుని అరచేత్తో రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే మొత్తం గీకాల్సిందే. పొడి మీద ప్రైమరు వేస్తే మొదటి వానకి చాపలా లేచొస్తుంది. పాచి ఉన్న చోట పది లీటర్ల నీళ్ళకి 200 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని పూసి, 20 నిమిషాలాగి కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. నాలుగు ఎండలు కాశాక ప్రైమరు. సిమెంటుతో కొత్తగా మరమ్మతు చేసిన చోట మాత్రం 28 రోజులు ఆగాలి, లేకపోతే క్షారం రంగుల్ని తినేస్తుంది.

బయటి గోడలకి వాడే అక్రిలిక్ ప్రైమరు రెండు లీటర్లు, తెల్ల ఎక్స్టీరియర్ ఎమల్షన్ నాలుగు లీటర్లు తీసుకోండి. లీటరు ఎమల్షన్ రెండు పూతలకి 50 చదరపు అడుగులు వస్తుంది. మిగిలింది రంగులు కలపడానికి సరిపోతుంది. ముదురు రంగులు మాత్రం తెలుపులో స్టెయినరు (చిక్కటి కలుపు రంగు) గుమ్మరించి చెయ్యకండి. డబ్బా మీద రాసిన మోతాదు దాటితే రంగు సరిగా ఆరదు, తడి గుడ్డకి అంటుకొస్తుంది. ముదురు షేడ్లు షాపులో డీప్ బేస్ (ముదురు రంగులకని చేసిన మూల రంగు) మీద మెషీన్లో కలిపించుకోండి.

పడమటి ఎండకి నిలిచేవి యెల్లో ఆక్సైడ్, రెడ్ ఆక్సైడ్, నలుపు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ. మెరిసే గులాబీ, నిమ్మపసుపు, వంగపండు రంగులు ముందు వెలిసిపోతాయి. పొద్దుగూకే ఆకాశం వెయ్యొద్దనడానికి నాకున్న మొదటి కారణం ఇదే. ఆ ఆకాశం నిండా ఉండేవి వెలిసిపోయే రంగులే.

కాగితం మీద నమూనా అంగుళానికి అడుగు లెక్కన 32 అంగుళాల పట్టీగా గీసుకోండి. గోడ మీద సుద్దదారం కొట్టి అడుగు గళ్ళు వెయ్యండి. బొగ్గుతో గీస్తే మసి తెల్లరంగులో కలిసి మురికవుతుంది. ఈ గోడని ఎవరూ ఎదురుగా నిలబడి చూడరు. సైకిలు మీదో ఆటోలోనో దాటిపోతూ చూస్తారు. నడి మధ్యలో ఒక పెద్ద బొమ్మ పెడితే రెండు పక్కలా గోడ దండగవుతుంది. ఎనిమిది అడుగులకో ఘట్టం చొప్పున నాలుగు పెట్టి, వాటిని కాలవ గట్టు లాంటి ఒకే గీతతో కలపండి. రోడ్డు అవతలినుంచి కనబడాలంటే అరంగుళం కన్నా సన్నటి గీత వేసి లాభం లేదు.

నాలుగోలాకు:

రెండో ప్రశ్నకి వస్తాను. కొబ్బరిచెట్టూ పడవా వేసినందువల్ల తప్పేం లేదండి. చూడకుండా వేస్తే తప్పు. కొబ్బరి మానుకి తాటాకుల్లాంటి ఆకులు పెట్టిన గోడలు ఎన్ని లేవు! తాడి నిటారుగా పోతుంది, ఆకు విసనకర్రలా విచ్చుకుంటుంది. కొబ్బరి మొదట్లో లావుగా ఉండి కాస్త ఒరిగి లేస్తుంది, మాను నిండా ఆకు రాలిన మచ్చలుంటాయి, ముదిరిన ఆకులు కిందికి వాలి ఉంటాయి. నీటికి ఎప్పుడూ నీలమే వేస్తారు. శ్రావణంలో గోదారి ఎర్రమట్టి రంగు. ఆ నీటికి రెడ్ ఆక్సైడ్ పడాలి.

ఊడుపు బొమ్మ మరీను. ఊడ్చేవాళ్ళు వెనక్కి నడుస్తారు. నాటిన నారు వాళ్ళ ముందుంటుంది, బురద మడి వెనక ఉంటుంది. చాలా గోడల మీద ఇది తిరగబడి ఉంటుంది, మడిలో దిగిన ఏ ఆడమనిషైనా ఒక్క చూపులో పట్టేస్తుంది. తన పని తప్పుగా వేసిన బొమ్మని ఆవిడ తన బొమ్మ అనుకోదు. గోడ ఊరిదయ్యేది ఇలాంటి చోటే, కమిటీ తీర్మానంతో కాదు.

నాలుగు ఘట్టాలకి నా సలహా: నీటి మీద తెల్లటి నురగ లేపే ఏరేటర్లతో (నీటికి గాలి పట్టించే యంత్రాలు) రొయ్యల చెరువు, కాళ్ళకి తాడు బంధం వేసుకుని మానెక్కుతున్న దింపు మనిషీ అతని కింద కాయలు పోగేసేవాళ్ళూ, అరుగు మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళు (నరసాపురం వైపు ఊళ్ళకి ఇది సొంత విద్య), రేవులో సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ ఎక్కించుకుంటున్న పంటు (ఏరు దాటించే బల్లకట్టు పడవ). లేసు అల్లేది ఒకే ఒక కొక్కెం సూదితో, ఎడమచేతి వేలికి దారం చుట్టుకుని. రెండు చేతుల్లో రెండు పుల్లలు పెట్టారంటే అది స్వెట్టరు అల్లినట్టవుతుంది.

నాయకుల విషయంలో గీత ముందే గీసుకోండి: బతికున్నవాళ్ళ ముఖాలు లేవు, జెండా రంగుల పట్టీలు లేవు, బడి గోడ గనక ఏ మతం దేవుడూ లేడు. ఒకరి ముఖం వేస్తే పక్కవాళ్ళది అడుగుతారు. ఎన్నికల తర్వాత తారు పూసేది కూడా ఆ ముఖాలకే. పెద్దల్ని తలుచుకోవాలని పట్టుబడితే వాళ్ళ పనిని వెయ్యండి. డొక్కా సీతమ్మ గారు (1841–1909) కావాలంటే లంకల గన్నవరంలో ఆవిడ పెట్టిన పంక్తి, విస్తళ్ళు, వడ్డిస్తున్న చేతులు. కాటన్ దొర కావాలంటే 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆనకట్టకి రాళ్ళు మోసిన కూలీలు. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, ఆ కూలీలకి గోడ దొరకడం అరుదు.

లంకగట్టు:

చాలా ఉపకారమండి. ఊడుపు సంగతి విన్నాక నమూనా మళ్ళీ గీస్తున్నాను. ఇంకొకటి. మనుషుల్ని ఉన్న రంగులో వేస్తే "మరీ నల్లగా వేశారు, కాస్త తెలుపు కలపండి" అనడం ఖాయం. ముఖ్యంగా ఆడపిల్లల బొమ్మలకి. దీనికేం చెయ్యాలి?

కుంచెకట్ట:

తెలుపు కలపకండి. అందులో సౌందర్యం మాట కన్నా వేరే మాట ఉంది: పొలంలో వంగినవాళ్ళకి నలుపూ, గట్టు మీద నిలబడ్డ ఆసామికి గులాబీ రంగూ వేసే అలవాటు. బడి పిల్లలు ఆ లెక్కని రోజూ చూసి నేర్చుకుంటారు. గోడ మీద అందరికీ ఒకే గిన్నెలోంచి రంగు తియ్యండి.

నల్లగా ఉందన్నప్పుడు చాలాసార్లు అసలు లోపం రంగు చచ్చిపోవడంలో ఉంటుంది. తెలుపులో గోధుమరంగు కలిపితే సిమెంటు బూడిదలా తేలుతుంది, నీడకి నలుపు కలిపితే మసిలా ఉంటుంది. షాపులో కలిపించిన ముదురు షేడ్లతో యెల్లో ఆక్సైడ్ రెండు పాళ్ళు, రెడ్ ఆక్సైడ్ ఒక పాలు తీసుకుని అసలు రంగు కట్టండి. నీడకి అదే రంగులో కొంచెం నీలం, ఇంకాస్త రెడ్ ఆక్సైడ్. వెలుగు పడే నుదురు, ముక్కుదూలం, భుజం మీద పసుపు పాలు పెంచండి, తెలుపు చిటికెడే. పక్కన చీరకి ముదురాకుపచ్చో నీలమో పెడితే ఒళ్ళు నిగనిగలాడుతుంది. అదే ఒంటి పక్కన తెల్ల చీర పెడితే ఒళ్ళు మసకబారి కనిపిస్తుంది. ముందు ఒక ముఖం రెండడుగుల అట్ట మీద వేసి గోడ దగ్గర నిలబెట్టి చూపించండి. మాటల్లో కాదన్నవాళ్ళు చాలామంది చూశాక ఒప్పుకుంటారు.

వీలైతే రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) గ్యాలరీలో ఒక పూట గడపండి. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చిన మనిషి, మన మనుషుల ఒంటి రంగుని ఎలా కట్టాడో దగ్గర్నుంచి చూడవచ్చు.

బడిగంట:

బడి వైపునుంచి ఒక మాట. నమూనాని కమిటీ గదిలో ఆమోదించుకుని ఊరుకోకండి. 32 అంగుళాల పట్టీని నాలుగు రెట్లు పెద్దది చేయించి వారం రోజులు బడి వరండాలో, పంచాయతీ దగ్గర, పాల కేంద్రం దగ్గర కట్టండి. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందంటారు. "ఇందులో తప్పేముంది?" అని అడగండి, ఎవరి పనిలో తప్పు వాళ్ళు చెబుతారు. ఆ తప్పులన్నీ దిద్దండి. "ఇది తీసేసి మా నాయకుణ్ణి పెట్టండి" అంటే అది తప్పు చెప్పడం కాదు గనక, ముందు గీసుకున్న గీతే జవాబు. మీ మాట ఎంతవరకు చెల్లాలన్నారు కదా: పని వివరంలో ఊరి మాట, కూర్పులోనూ రంగులోనూ మీ మాట.

పిల్లలతో వేయించాలనుకుంటే అసలు బొమ్మ మీద కాకుండా కింది జాజు పట్టీ పై అంచున ఆరంగుళాల ముగ్గు వరస ఇవ్వండి. కానీ సున్నం వాళ్ళ చేతికివ్వొద్దు, కళ్ళలో పడితే ప్రమాదం. వెల్ల పెద్దవాళ్ళు వేసి ఆరాక, పిల్లలకి ఎమల్షన్ ఇవ్వండి.

గచ్చుపని:

తేదీలు ఇలా పెట్టుకోండి. కాలవలు కట్టేశాక చెక్కుడు, వానలు పడేలోపు సున్నపు పూత, గోడ తల పని. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు గనక ఏమీ ముట్టుకోవద్దు. డిసెంబరు నెలాఖరులో ప్లాస్టిక్ కాగితం పరీక్ష మళ్ళీ చేసి, బొట్లు లేకపోతే ప్రైమరు, ఆ వెంటనే బొమ్మ. పొద్దున్న మంచు ఆరేదాకా, అంటే తొమ్మిది దాటేదాకా, గోడకి కుంచె తగలనివ్వకండి. పడమటి ముఖం గనక మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది, ఆ మూడు నాలుగు గంటలే పని. ఎండ పడ్డాక వేస్తే కుంచె గీతలు అతుకుల్లా కనబడతాయి. పైన వార్నిషు వద్దు, అది కూడా చెమ్మకి మూతే. ప్రతి షేడూ పావు లీటరు చొప్పున మూత గట్టిగా బిగించి, కలిపిన పాళ్ళు డబ్బా మీద రాసి బడిలో దాచిపెట్టించండి. ఎక్కడైనా పెచ్చు లేస్తే అదే రంగు దొరకాలి.