వెన్నుపాము గాయానికి విదేశంలో మూలకణాల చికిత్స: పొలం అమ్మి తమ్ముణ్ణి తీసుకువెళ్లడం సరైనదేనా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గరి పల్లె. నేను పదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. తొమ్మిది నెలల క్రితం హోసూరు రోడ్డు మీద జరిగిన బైకు ప్రమాదంలో ఇరవై ఆరేళ్ల మా తమ్ముడి వెన్నుపాము టీ8 పూస (ఛాతీ వెనుక వచ్చే పూసల్లో ఎనిమిదోది) దగ్గర దెబ్బతిన్నది. పూసలను స్క్రూలతో బిగించే ఆపరేషన్ మూడో రోజునే జరిగింది గాని, బొడ్డు పైభాగం నుంచి కిందికి స్పర్శ గాని కదలిక గాని ఇంతవరకు రాలేదు. వెన్నుపాము గాయం తీవ్రతను కొలిచే ఆసియా (ASIA) స్కేలులో ‘ఏ’ గ్రేడు, అంటే పూర్తి గాయం, అని రాసిచ్చారు.

ఆగ్నేయాసియాలోని ఒక ఆసుపత్రి తరఫు మధ్యవర్తి మాకు నాలుగు వీడియోలు పంపాడు. వెన్నులోకి మూలకణాలు ఎక్కించి, వెన్నుపాముకు సన్నని కరెంటు అందించే విద్యుత్ ప్రేరణ పరికరం అమర్చి, నలభై రోజుల ఫిజియోథెరపీతో నిలబెడతామని, మొత్తం 38 లక్షలవుతుందని, నెలాఖరులోగా అడ్వాన్సు కట్టాలని అంటున్నాడు. నాన్న రెండెకరాలు బేరానికి పెట్టారు. వెళ్లకపోతే వాడికి అన్యాయం చేసినవాళ్లమవుతామని అమ్మ, వెళ్లి ఏమీ రాకపోతే ఇక మిగిలేదేమిటని నేను, రోజూ ఇదే మాట. తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు, జయనగర్)

మీ నాన్నగారు రిజిస్ట్రేషన్‌కు వెళ్లేలోపు ఇది చదవాలని కోరుతున్నాను. మధ్యవర్తి చెప్పిన వాటిలో విద్యుత్ ప్రేరణకు మాత్రం నిజమైన పరిశోధన ఉంది. అమెరికాలోని లూయివిల్ బృందం 2018లో ప్రకటించిన ఫలితాల్లో, కాళ్లలో కదలిక లేని నలుగురికి పరికరం అమర్చగా ఇద్దరు ఆధారంతో నేలమీద నడవగలిగారు. ఒకరికి అందుకు 85 వారాల్లో 278 శిక్షణ తరగతులు పట్టాయి, మరొకరికి 15 వారాల్లో 81. ఆ ఇద్దరికీ గాయం కింద కొంత స్పర్శ మిగిలి ఉంది. మీ తమ్ముడిలా ‘ఏ’ గ్రేడులో ఉన్న మిగతా ఇద్దరు నిలబడటం వరకు సాధించారు గాని నేలమీద నడవలేదు. శిక్షణలో ఒకరికి తుంటి ఎముక విరిగింది కూడా, ఎందుకంటే కదలని కాళ్లలో ఎముక పలచబడిపోతుంది. నలభై రోజుల్లో అంతకు మించి చూపిస్తామనేవారు దేన్ని ఆధారం చేసుకుని అంటున్నారో అడగండి.

మూలకణాల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. జపాన్ 2018 డిసెంబరులో ఒక కణచికిత్సకు షరతులతో అనుమతి ఇచ్చింది. పరీక్షించినది 13 మందిని, పోల్చి చూసేందుకు చికిత్స పొందని మరో బృందం లేదు, పైగా దానికి గాయమైన 31 రోజుల్లోపే ఎముక మజ్జ సేకరించాలి. గాయమైన తొలి నెలల్లో కొంత మెరుగుదల దానంతట అదే వస్తుంది గనుక, ఏది కణాల వల్ల వచ్చిందో ఏది ప్రకృతి ఇచ్చిందో అటువంటి పరీక్షలో విడదీయడం కష్టం. బీజింగ్‌లో పిండకణాలు ఎక్కించుకున్న ఏడుగురిని బయటి నిపుణులు పరీక్షించి 2006లో ప్రచురించిన నివేదికలో ఒక్కరికీ పనికొచ్చే మెరుగుదల కనిపించలేదు. ఐదుగురికి మాత్రం మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) వంటి చిక్కులు వచ్చాయి. లిస్బన్‌లో ముక్కులోని పొర కణజాలం వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి ఎనిమిదేళ్ల తరువాత వెన్నులో గడ్డ పెరిగి, దాన్ని తొలగించవలసి వచ్చింది.

మన దేశంలోనూ, రక్తసంబంధ వ్యాధులు కొన్నింటికి తప్ప, అనుమతి పొందిన పరిశోధనకు బయట మూలకణాలు ఎక్కించరాదని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిజమైన పరిశోధన అయితే చికిత్సకు రోగి దగ్గర లక్షలు వసూలు చేయడం మామూలుగా జరగదు. ఇంకొక మాట: ఒకసారి ఎక్కడో కణాలు ఎక్కించుకున్నవారిని తరువాతి మంచి పరిశోధనలు చాలావరకు చేర్చుకోవు.

సమాధానం 2 (చెన్నై, వలసరవాక్కం)

మేము వెళ్లి వచ్చాం. ఏ దేశమో, ఏ ఆసుపత్రో రాయను. మావారికి గాయమైన రెండో ఏట నగలమ్మి, అప్పుచేసి వెళ్లాం. అక్కడి గది శుభ్రంగా ఉంది, నర్సులు దయగలవారు, నాలుగు ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడో వారం కాలి బొటనవేలు కదిలిందని నేనే వీడియో తీసి అందరికీ పంపాను. తిరిగివచ్చాక ఇక్కడి డాక్టరు అది కండరాల బిగుతు వల్ల వచ్చే కదలిక అని, ఆయన ఇష్టంతో కదిలినది కాదని చెప్పినప్పుడు నాకు మాట రాలేదు. ఆ వీడియో చూసి ఇంకో కుటుంబం అక్కడికి బయలుదేరిందని తెలిసింది. అది ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

విమానంలో గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోబెట్టినందువల్ల పిరుదు మీద పుండు పడింది, అది మానడానికి ఏడు నెలలు పట్టింది. ఆ తరువాతే కె.కె. నగర్‌లోని ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థకు తీసుకువెళ్లాను. మంచం మీది నుంచి వీల్‌చైర్‌లోకి తనంతట తాను మారడం, వేళకు కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) పెట్టుకోవడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. మొదటి ఏడాదే ఆ పని చేసి ఉండవలసింది, తమ్ముడూ.

సమాధానం 3 (లింగరాజపురం, బెంగళూరు)

నాకు టీ10 గాయమై పదకొండేళ్లయింది. పైవారు వైద్యం గురించి చెప్పారు గనుక నేను ఒకే విషయం అడుగుతాను: మీ తమ్ముడు ఏమంటున్నాడు? మీ ప్రశ్నలో అమ్మ ఉంది, నాన్న ఉన్నారు, మీరున్నారు, అతని మాట ఒక్కటీ లేదు. మా ఇంట్లోనూ మొదటి ఏడాది నన్నడగకుండానే అన్నీ నిర్ణయమయ్యాయి. పొలం తన కోసం పోయిందన్న బరువు అతని మీద జీవితాంతం ఉంటుంది.

బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో న్యూరో పునరావాస విభాగం ఉంది, మా పేటలోనే వికలాంగుల కోసం పనిచేసే ఏపీడీ సంస్థ వెన్నుపాము గాయమైనవారికి శిక్షణ ఇస్తుంది. వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి పునరావాస విభాగమైతే మదనపల్లెకు మరీ దూరం కాదు. దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954 ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, వీల్‌చైర్‌లో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. ముందు అక్కడ కొత్తగా ఆసియా పరీక్ష చేయించండి. మూత్రపిండాలకు స్కాను, పుండ్లు పడకుండా మంచి కుషన్, అతని కొలతలకు సరిపోయే తేలిక వీల్‌చైర్, బాత్రూము తలుపు వెడల్పు చేయించడం, వీటన్నిటికీ ఆ 38 లక్షల్లో చిన్న భాగం చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా చెన్నై అక్కగారికి. నిన్న రాత్రి మొదటిసారి వాణ్ణే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తరువాత, “అన్నా, ముందు నా అంతట నేను స్నానం చేయడం రావాలి” అన్నాడు. నాన్న బేరం ఆపారు. వెల్లూరులో వచ్చే మంగళవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. కారులో వెళ్లేటప్పుడు ఎంతసేపటికొకసారి ఆపి భంగిమ మార్చాలో ఫిజియోథెరపిస్టుగారు చెప్పగలరా?

సమాధానం 1 (ఫిజియోథెరపిస్టు, జయనగర్)

కూర్చున్నంతసేపు ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి గాని, పక్కకు ఒరిగి గాని ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీది బరువు తగ్గించుకోమనండి. గంటకొకసారి కారు ఆపండి. కుషన్ తప్పకుండా వేయండి, వెనుక జేబులో పర్సు, ఫోను ఉంచవద్దు, ఇంటికి వచ్చాక అద్దం పెట్టి చర్మం ఎర్రబడిందేమో చూడండి.